టూ వగ్గులు: మా చిన్నోడు, ఇంగ్లీషు గ్రామరు, ఈ రెండేళ్లు

2023 జూన్ 26, సోమవారం సాయంత్రం. రెండో తరగతి మొదలై రెండు వారాలే అయింది. చిన్నోడి డైరీలో ఎర్ర ఇంకుతో రెండు ముక్కలు: "ఇంగ్లీషు నోట్సు చూడండి. పిల్లవాడికి శ్రద్ధ లేదు."

నోట్సు తీశాను. "హి గో టు స్కూల్." "ఐ హావ్ టూ పెన్సిల్." "యెస్టర్‌డే వి ప్లే." ఇరవై వాక్యాల్లో పదహారింటికి సున్నాలు చుట్టారు. చేతిరాత మాత్రం ముత్యాల కోవలా ఉంది. శ్రద్ధ లేని పిల్లాడు అలా రాస్తాడా? ఆ పేజీ పట్టుకుని వంటింట్లో నిలబడి ఏడ్చాను. కుక్కర్ ఎన్ని విజిల్స్ వేసిందో కూడా లెక్క తప్పింది, పప్పు మాడింది.

వాడికి పుట్టుకతోనే రెండు చెవులూ వినపడవు. 2015 అక్టోబరులో పుట్టాడు, పందొమ్మిదో నెలలో బెరా అనే వినికిడి పరీక్ష చేయిస్తే తెలిసింది. హియరింగ్ ఎయిడ్లు పెట్టి చూశారు, లాభం లేకపోయింది. 2018 ఆగస్టులో ప్రభుత్వ పథకం కింద కుడి చెవికి కాక్లియర్ ఇంప్లాంట్ ఆపరేషన్ అయింది, సెప్టెంబరులో చెవి వెనక పెట్టుకునే మిషన్ స్విచ్ ఆన్ చేశారు. ఆ కథ చాలామంది తల్లులు చెప్పారు, నేను మళ్లీ చెప్పను. ఆపరేషన్ అయిపోతే గండం గట్టెక్కినట్టే అనుకున్నవాళ్లలో మేమూ ఉన్నాం. ఆ తర్వాత ఐదేళ్లకి, పిల్లాడు మాట్లాడుతున్నాడు కదా అని ఊపిరి పీల్చుకున్నాక, ఏం ఎదురవుతుందో అదే ఇక్కడ రాస్తున్నాను.

మేం హైదరాబాద్ బోడుప్పల్‌లో ఉంటాం. నేను ఇంట్లోనే బ్లౌజులు కుడతాను, మగ్గం పని కూడా చేస్తాను. మా ఆయన నాచారంలో ఒక కంపెనీలో పనిచేస్తారు. ఇద్దరిదీ తెలుగు మీడియమే. మా అత్తమ్మ మాతోనే ఉంటుంది, సూర్యాపేట పక్క ఊరు.

చిన్నోడి కంటే మా పాప నాలుగేళ్లు పెద్దది. దానికి చెవులు బాగానే వినపడతాయి. దానికి ఇంగ్లీషు ఎలా వచ్చిందంటే నేను చెప్పలేను. టీవీ బొమ్మలు, స్కూలు వ్యాను, కింది పోర్షన్‌లో ఉండే ఒడియా వాళ్ల పిల్లలు. యూకేజీలో ఉన్నప్పుడు ఒకరోజు "ఐ గోడ్ టు పార్క్" అంది. గో పక్కన ఈడీ చేర్చేసి 'గోడ్' అన్నమాట. మా ఆయనకి ఫోన్లో చెప్పి మరీ నవ్వాను. ఎవరూ దిద్దలేదు. ఎప్పుడో ఏడాది తిరిగేసరికి అదే 'వెంట్' అయిపోయింది. పైకప్పు మీద వాన పడ్డట్టు పడిపోయింది దానికి భాష. ఆ వాన చిన్నోడి మీద ఎందుకు పడలేదని ఎన్ని రాత్రులు అనుకున్నానో.

నిజానికి ఒక తప్పు మేమూ చేశాం. స్విచ్ ఆన్ అయిన కొత్తలో మాటలు నేర్పించడానికి మేం వెళ్లిన సెంటర్‌లో ఒకటే మాట చెప్పారు: "ఒకే భాష మాట్లాడండి. ఎలాగూ ఇంగ్లీషు మీడియమే కదా, ఇంగ్లీషే మాట్లాడండి. సైగలు చేయకండి, చేస్తే మాటలు రావు." 2018 అక్టోబరు నుంచి 2019 మే దాకా ఎనిమిది నెలలు ఇంట్లో ఇంగ్లీషు. నాకొచ్చిన ఇంగ్లీషు ఎంత? "కమ్, ఈట్, సిట్, వాటర్ వాంట్?" అదీ మా ఇంగ్లీషు. పిల్లాడు చేతులు ఊపితే పట్టుకుని కిందికి దించేదాన్ని. అత్తమ్మ అయితే వాడితో మాట్లాడటమే మానేసింది. "గా ఇంగ్లీసు నాకెక్కడొస్తది బిడ్డా. నేను నోరు తెరిస్తే పోరడికి నష్టమంటివి గదా" అని మూలకు కూర్చునేది. పొద్దస్తమానం కబుర్లు చెప్పే మనిషి. ఇంట్లో అందరికంటే ఎక్కువ మాట్లాడే నోరు మేమే మూయించాం.

2019 జూన్‌లో తార్నాక వైపు మాటలు నేర్పే ఇంకో థెరపిస్టు దొరికింది. ఆమెని మేడమ్ అనే రాస్తాను. మొదటి రోజే అడిగింది: "అమ్మా, మీకు కోపం వస్తే ఏ భాషలో తిడతారు?" తెలుగులో అన్నాను. "అయితే ఆ భాషలోనే మాట్లాడండి" అంది. ఆ సాయంత్రం అత్తమ్మ వాడిని ఒళ్లో కూర్చోబెట్టుకుని ఊళ్లో బర్రె ఈనిన కథ గంటసేపు చెప్పింది. వాడికి ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా లేవలేదు. నాలుగేళ్లు తిరిగేసరికి వాడి తెలుగు వాడి వయసు పిల్లల దాకా కాకపోయినా బాగానే వచ్చింది. "నాయనమ్మకి చాయ్ ఇచ్చాను", "అక్కతో వెళ్తా", "పుస్తకాలు సంచిలో ఉన్నాయి." తడబడకుండా అనేవాడు. అందుకే ఇంగ్లీషు నోట్సు చూసి అంత దెబ్బ తగిలింది.

జూన్ 28న మేడమ్‌కి ఫోన్ చేశాను. పూర్తి భాషా పరీక్ష చేయాలంది. స్లాట్ ఆగస్టు 3కి దొరికింది, అంటే ఐదు వారాలు. ఆ ఐదు వారాలూ నేను చేసిన పని గుర్తొస్తే సిగ్గేస్తుంది. రోజూ సాయంత్రం "హి గోస్, షి గోస్" అని పాతిక సార్లు రాయించాను. రాసేవాడు. మర్నాడు "హి గో" అనే అనేవాడు. ఒకసారి చేయి చేసుకున్నాను కూడా.

ఆగస్టు 3, 4. రెండు రోజుల్లో కలిపి రెండు గంటల నలభై నిమిషాలు పట్టింది, 3,500 రూపాయలు. తల్లిని లోపల కూర్చోనిచ్చారు, మాట్లాడకూడదన్నారు. రెండో రోజు మేడమ్ ఒక బొమ్మ చూపించింది, పిట్టలా ఉండే ఏదో వింత జీవి. "దిస్ ఈజ్ ఎ వగ్" అంది. తర్వాత అలాంటివే రెండున్న బొమ్మ పెట్టింది. "నౌ దేర్ ఆర్ టూ. దేర్ ఆర్ టూ..." అని ఆపింది.

వాడు నా వైపు చూశాడు. బొమ్మ వైపు చూశాడు. బాగా ఆలోచించాడు.

"టూ వగ్గులు!"

నేను తల దించుకున్నాను. మేడమ్ పెన్ను కింద పెట్టేసి నవ్వింది. "అమ్మా, ఇంత మంచి జవాబు ఈ మధ్య వినలేదు" అంది.

తర్వాత వివరించింది. ఈ పరీక్ష 1958లో జీన్ బెర్కో అనే ఆవిడ తయారు చేసిందట. వగ్ అనే మాటే ఎక్కడా లేదు. పిల్లాడు అంతకుముందు వినే వీల్లేదు కాబట్టి దానికి బహువచనం చేశాడంటే ఎక్కడో విని అప్పజెప్పినట్టు కాదు, లోపల సూత్రం ఉన్నట్టు. మావాడికి సూత్రం ఉంది. ఒకటి కంటే ఎక్కువైతే మాట చివర ఏదో చేర్చాలని తెలుసు. ఏం చేర్చాలో అక్కడ మాత్రం ఇంగ్లీషు ముక్క దొరక్క తెలుగు ముక్క అతికించాడు. తెలుగులో కూడా అడిగి చూసింది. "వగ్గుకి లడ్డు ఇచ్చా. లడ్డు ఎవరికి ఇచ్చా?" "వగ్గుకి." "వగ్గు ఎవరితో ఆడుకుంటోంది?" "ఇంకో వగ్గుతో." టకటకా చెప్పాడు.

"మరి ఎస్ ఎందుకు రాదు మేడమ్? వెయ్యిసార్లు రాయించాను."

ఆమె నన్నే అడిగింది: 'లు', 'కి', 'తో', 'లో', 'ని'. వీటన్నిటి చివరా ఏముంది? చిన్నప్పుడు బళ్లో తెలుగు అజంత భాష అని చదివాను గానీ అది ఇలా పనికొస్తుందని ఎవరికి తెలుసు! అచ్చు. తెలుగు గ్రామరంతా అచ్చుల మీద కూర్చుని ఉంది. అచ్చుకి బలం ఎక్కువ, ఇంప్లాంట్‌లోంచి కూడా బాగానే వెళ్తుంది. ఇంగ్లీషులో ఆ పని చేసేది మాట చివర ఒక 'స్', ఒక 'ట్', ఒక 'డ్'. 'బుక్స్' చివర ఉన్న ఎస్ ఊదిన గాలి తప్ప ఏమీ కాదు. దాని శబ్దం ఎక్కువగా 4000 హెర్ట్జ్ పైన ఉంటుందట, అదీ చాలా సన్నగా. ఫ్యాన్ తిరుగుతుంటే, పక్కన నలభై మంది పిల్లలు కుర్చీలు జరుపుతుంటే అది పోతుంది. మా పాప మీద వాన పడింది, వీడి మీదా పడింది, కాకపోతే వీడి గొడుగుకి సరిగ్గా సన్న చినుకులు ఆగిపోయే చిల్లులే ఉన్నాయి.

రిపోర్టు పన్నెండు రోజులకి ఇచ్చారు. ఈలోపు ఆగస్టు 10న ఆడియాలజిస్టు, అంటే వినికిడి పరీక్షలు చేసే ఆయన, దగ్గరికి పంపారు. మిషన్ పెట్టుకుని వాడికి ఎంత వినపడుతోందో చూస్తే మోటు శబ్దాలన్నీ బాగున్నాయి, 4000 దగ్గర మాత్రం 45 డెసిబెల్స్ దాకా పెంచితే గానీ చేయి ఎత్తలేదు. ఆయన చెవి వెనక మిషన్, అంటే ప్రాసెసర్, తీసి లైటు కింద పట్టుకుని "ఈ మైక్ మూత ఎప్పుడు మార్చారు?" అన్నారు. మాకు అర్థం కాలేదు. మైక్ మీద సన్నటి మూత ఒకటి ఉంటుంది, చెమట, దుమ్ము పట్టి మూసుకుపోతుంది, మూడు నెలలకోసారి మార్చాలట. మేం రెండేళ్లుగా మార్చలేదు. మార్చాలని ఎవరూ చెప్పలేదు. సెట్టు 900 రూపాయలు. తొమ్మిది వందల మూత మార్చక రెండేళ్లు వాడిని తిట్టాను. అక్కడే మా ఆయన గోడకి ఆనుకుని కళ్లు మూసుకున్నారు.

మూత మార్చి, కొత్త మ్యాపింగ్, అంటే మిషన్ శబ్దాల సర్దుబాటు, చేసి (1,500), మిషన్ నుంచి తలకి అతుక్కునే కాయిల్ దాకా వెళ్లే కేబుల్ కూడా లోపల తెగి ఉందని అది వేయించి (6,800) మళ్లీ చూస్తే 30కి దిగింది. ఇంటికొస్తుంటే ఉప్పల్ రింగ్ రోడ్ దగ్గర బస్సు బ్రేకులు వేసింది. చిన్నోడు చెవి మీద చేయి పెట్టుకుని "స్‌స్‌స్" అన్నాడు.

ఆ రోజు నుంచి రోజూ పొద్దున బడికి ముందు ఆరు శబ్దాల పరీక్ష చేస్తాం: ఆ, ఊ, ఈ, మ్, ష్, స్. డేనియల్ లింగ్ అనే ఆయన పెట్టిన పద్ధతి. ఒక్క నిమిషం పని. పెదాలు కనపడకుండా మొహానికి ఏదైనా అడ్డం పెట్టుకోవాలి, కానీ చేయి పెట్టుకుంటే శబ్దం మారిపోతుంది. గుడ్డ బిగించిన ఎంబ్రాయిడరీ ఫ్రేమ్ వాడమన్నారు. బయట కొనాలేమో అనుకున్నాను. మా ఇంట్లో మగ్గం పనికి వాడే గుండ్రటి ఫ్రేములు ఏడున్నాయి! ఎదురుగా మీటరు దూరంలో వింటే సరిపోదు, మూడు మీటర్ల నుంచి కూడా విని తిరిగి చెప్పాలి. ఏ రోజు 'స్' పోతే ఆ రోజు ఏదో ఒకటి పాడైనట్టే. వానాకాలంలో ఎక్కువ. రాత్రిపూట ప్రాసెసర్‌ని ఆరబెట్టే డబ్బాలో పెట్టడం అన్నం వండటం కంటే ముఖ్యమైపోయింది.

చెవి బాగుపడితే గ్రామర్ వచ్చేస్తుందనుకున్నాను. రాలేదు. వినపడే దారి తెరుచుకుంది, అంతే. పోయిన ఐదేళ్ల వినికిడి ఎక్కడినుంచి వస్తుంది?

సెప్టెంబరు 5 నుంచి వారానికి రెండు రోజులు థెరపీ. 45 నిమిషాలకి 700 రూపాయలు. నేను బ్లౌజుకి 450 తీసుకుంటాను కాబట్టి ఒక్కో సెషన్ ఒకటిన్నర బ్లౌజు, అలా లెక్కేసుకునేదాన్ని. డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకి బస్సు ఉచితం అయ్యాక కాస్త ఊరట.

మొదటి నెలంతా మేడమ్ చేసింది ఒకటే, వాడి తప్పులు వేరు చేయడం. తెల్ల కాగితం మీద రెండు గళ్లు గీసింది. ఒకటి చెవి వల్ల వచ్చిన తప్పులు, రెండోది తెలుగు వల్ల వచ్చినవి. "షి డాక్టర్" అని ఈజ్ లేకుండా రాశాడంటే అది చెవి తప్పు కాదు. తెలుగులో 'ఆమె డాక్టర్' అంటే చాలు, మధ్యలో ఏమీ అక్కర్లేదు. 'ఎ', 'ది' వదిలేయడం కూడా తెలుగు పుణ్యమే, తెలుగులో అవి లేనే లేవు. పక్క బెంచీలో బాగా వినపడే పిల్లలూ అలాగే రాస్తారు. 'ఎస్', 'ఈడీ' పోవడం మాత్రం ఎక్కువగా చెవి గడిలోకి వెళ్లింది. 'ఇంగ్' ఉన్నవన్నీ కరెక్టు! రన్నింగ్, ఈటింగ్, స్లీపింగ్. ఎందుకంటే 'ఇంగ్'లో అచ్చుంది, వినపడుతుంది. అమెరికాలో రోజర్ బ్రౌన్ అనే ఆయన ముగ్గురు పిల్లల మాటలు ఏళ్లతరబడి రికార్డు చేయించి, ఇలాంటి పద్నాలుగు ముక్కలు పిల్లలకి దాదాపు ఏ వరసలో వస్తాయో 1973లో పుస్తకం రాశాడట. అందులో కూడా 'ఇంగ్' మొదటిది, 'హి గోస్' లాంటి వాటి చివర ఎస్ బాగా వెనకది. అవి ఇంగ్లీషే తల్లిభాష అయిన పిల్లల లెక్కలు, మన పిల్లలకి యథాతథంగా పట్టవని ఆమే చెప్పింది. కానీ నాకు ఆ మాట పెద్ద ధైర్యం. వినపడే పిల్లలకే ఆలస్యంగా వచ్చేదాని కోసం నేను చేయి చేసుకున్నాను.

ఆ కాగితం పట్టుకుని, మేడమ్ రాసిన ఉత్తరం జతచేసి టీచర్‌ని కలిశాను. చిన్న పిల్ల, కొత్తగా చేరింది, క్లాసులో నలభై ఆరు మంది. చదివి "నాకు తెలీదండీ, మిషన్ పెట్టుకుంటే అందరిలాగే వినపడుతుంది అనుకున్నా" అంది. నేనూ ఐదేళ్లు అదే అనుకున్నాను కదా, ఆమెనేమంటాను. బోర్డు వైపు తిరిగి డిక్టేషన్ చెప్పడం మానేసింది. 'బుక్స్' అని ఒట్టి మాట చెప్పకుండా 'టూ బుక్స్' అని చెప్పేది. ఆ 'టూ' వాడికి చేయూత.

వినడం వల్ల రానిది చూపు వల్ల తెప్పించాలి అని మేడమ్ పద్ధతి. అక్కడ నా కుట్టుపని పనికొచ్చింది. గుడ్డ ముక్కల మీద మాటలు కుట్టాను. హి, షి, ఇట్, అమ్మ, కుక్క: వీటి చివర హుక్కు తగిలే కాజా పెట్టాను. ఐ, యు, వి, దే: వీటికి కాజా లేదు. ఎర్ర గుడ్డ మీద ఒట్టి 'ఎస్' కుట్టి దానికి హుక్కు పెట్టాను. 'హి' పక్కన 'ఈట్' పెడితే కాజా ఖాళీగా నోరు తెరుచుకుని ఉంటుంది, ఎస్ తెచ్చి తగిలిస్తే గానీ ఊరుకోదు. 'దే' అయితే ఎస్‌కి తగిలే చోటే లేదు. వాడికి అది ఆట అయిపోయింది. అన్నం తింటూ కూడా "అమ్మా, నాయనమ్మకి కాజా ఉందా?" "ఉంది." "నాయనమ్మ స్లీప్... స్!" అని చేత్తో గాల్లో హుక్కు తగిలించేవాడు. నోటితో కంటే ముందు చేత్తో వచ్చింది ఆ ఎస్. డిసెంబరుకి రాతలో పదింటికి ఏడు సరిగ్గా రాసేవాడు. మాటలో మాత్రం రెండో మూడో.

ఈడీ ఇంకా విచిత్రం. 'వాంటెడ్' ముందొచ్చింది, ఎందుకంటే చివర అచ్చుతో కలిసి పలుకుతుంది. 'వాక్డ్' రాలేదు. పుస్తకంలో చూసి నేర్చుకున్నాడు కదా, అక్షరాలున్నట్టే "వాకెడ్", "లాఫెడ్" అనేవాడు. బంధువులు నవ్వారు. నాకు నవ్వు రాలేదు, కనీసం ఏదో ఒకటి ఉంది చివర.

2024 ఫిబ్రవరిలో కొత్త చిక్కు. ఒక పాఠం కింద ప్రశ్నలకి అన్నీ తలకిందులుగా జవాబులు రాశాడు. మేడమ్ బొమ్మలు తీసింది. తెలుగులో "కుక్క పిల్లిని తరిమింది" అంటే సరిగ్గా చూపించాడు. "పిల్లిని కుక్క తరిమింది" అని వరస మార్చినా సరిగ్గానే చూపించాడు. ఆ 'ని' వినపడితే చాలు, ఎవరు ఎవర్ని తరిమారో తెలిసిపోతుంది. "ది క్యాట్ వాజ్ చేజ్డ్ బై ది డాగ్" అంటే మాత్రం పిల్లి చేత కుక్కని తరిమించాడు. ముందెవరొస్తే వాళ్లే పని చేసినట్టు! వినపడే పిల్లలూ మూడు నాలుగేళ్లప్పుడు ఇలాగే అనుకుంటారట, దాటిపోతారు. అమెరికాలో 1970లలో స్టీఫెన్ క్విగ్లీ వాళ్లు వినపడని పిల్లల్ని పరీక్షిస్తే పెద్ద తరగతులకి వచ్చినా చాలామంది ఇక్కడే ఆగిపోయారని మేడమ్ చెప్పింది. 'వాజ్', 'బై' రెండూ నొక్కి పలకని మాటలు, కొట్టుకుపోతాయి.

దీనికి నాలుగైదు నెలలు పట్టింది. 'వాజ్' కింద, 'బై' కింద ఎర్ర గీత, రెండూ కనపడితే బొమ్మల్ని అటుదిటు మార్చాలి. "దోశని చిన్నోడు తిన్నాడు" లాంటివి లాభం లేదు, దోశ ఎలాగూ మనిషిని తినదు కాబట్టి గ్రామర్ లేకుండానే అర్థమైపోతుంది. కుందేలు సింహాన్ని తినాలి, అక్క పోలీసుని పట్టుకోవాలి. జూలైలో ఒకరోజు "ది లయన్ వాజ్ ఈటెన్ బై ది రాబిట్" చదివి ఒక క్షణం ఆగి, మంచం మీద పడి దొర్లి దొర్లి నవ్వాడు. నేను కుట్టు మిషన్ ఆపేసి చూస్తూ కూర్చున్నాను.

ఆ ఫిబ్రవరిలోనే వెయిటింగ్ హాల్లో ఒక జంటని చూశాను. భార్యాభర్తలిద్దరికీ వినపడదు, రెండేళ్ల పాపకీ వినపడదు. తండ్రి మందుల షాపుకి వెళ్లాడు. పాప తల్లి గడ్డం పట్టుకుని తిప్పి, చేతులతో ఏదో అడిగింది, కనుబొమలు ముడిచి. నాన్న ఎక్కడ అని. తల్లి జవాబిచ్చింది, పాప ఇంకో ప్రశ్న వేసింది, గొడవ పెట్టుకుంది, అలిగింది. రెండేళ్ల పిల్ల! మావాడు ఆ వయసులో నా కొంగు పట్టుకుని ఏం కావాలో చెప్పలేక నేలకి తల కొట్టుకునేవాడు. సైగల భాషతో ఇంట్లో పెరిగే పిల్లలకి, వినపడే పిల్లలకి మాటలొచ్చే వయసులోనే సైగలొస్తాయని మేడమ్ తర్వాత చెప్పింది. ఇంటికొచ్చే దారంతా నా చేతులే గుర్తొచ్చాయి, వాడి చేతుల్ని పట్టుకుని దించిన నా చేతులు.

2024 జూన్ నుంచి నాలుగు నెలలు శనివారాలు భారతీయ సంకేత భాష క్లాసుకి వెళ్లాం, ఇంటి మొత్తానికి 4,000. నేర్పింది వినపడని అబ్బాయే. 'నీ పేరు ఏంటి' అనడానికి 'నీ, పేరు, ఏంటి' అదే వరస, ప్రశ్న మాట చివరికి. తెలుగులాగే ఉందే అని అత్తమ్మ తెగ మురిసిపోయింది. అందరికంటే ముందు తనకే వచ్చింది. ఇప్పుడు స్నానం చేసేటప్పుడు, రాత్రి మిషన్ తీసేశాక, నాయనమ్మా మనవడూ చేతులతో ముచ్చట్లు. 2024 డిసెంబరులో సంకేత భాషకి పీఎం ఈ-విద్య 31వ ఛానెల్ వచ్చింది, అది కూడా పెడుతున్నాం. మాటలు పోతాయని భయపెట్టారు కదా, పోలేదు. ఇంగ్లీషు కథ ముందు చేతులతో అర్థమైతే పుస్తకంలో గ్రామర్ పట్టుకోవడం వాడికి తేలికవుతోంది, ఇది మా ఇంటి మాట, అందరికీ ఇలాగే జరుగుతుందని అనను.

2025 ఫిబ్రవరి 17న, ఊరి నుంచి వచ్చిన మర్నాడు, క్లాసులో ఆదివారం ఏం చేశారని రాయమంటే ఇలా రాశాడు: "ఐ గోడ్ టు మై విలేజ్ విత్ నాయనమ్మ. ఐ సీడ్ టూ బఫెలోస్." గోడ్, సీడ్ రెండింటికీ ఎర్ర సున్నాలు. బఫెలోస్‌లో ఎస్ ఉంది, దాన్ని ఎవరూ చూడలేదు. గో పక్కన ఈడీ చేర్చమని వాడికి ఎవరూ నేర్పలేదు, ఏ పుస్తకంలోనూ లేదు. ఆ పేజీ ఫోటో తీసి మేడమ్‌కి పంపాను. ఆమె "లడ్డూలు తెండి" అని జవాబిచ్చింది. పాపని పిలిచి చూపిస్తే "అమ్మా, ఇది తప్పు కదా, వెంట్ కదా" అంది. నువ్వు యూకేజీలో ఇదే అన్నావే అంటే నమ్మలేదు.

లెక్కలు అడుగుతారు కాబట్టి: 2023 ఆగస్టు నుంచి 2025 ఏప్రిల్ దాకా నూట ముప్పై సెషన్లకి 91,000, భాషా పరీక్షకి 3,500, మ్యాపింగ్ రెండుసార్లు 3,000, కేబుల్ 6,800, బ్యాటరీ 11,000, మైక్ మూతలు నాలుగు సెట్లు 3,600, శనివారం క్లాసు 4,000. మొత్తం 1,22,900. బ్లౌజుల ఆర్డర్ పుస్తకం వెనక పేజీల్లో రాసుకున్నాను. ప్రాసెసర్ వారంటీ ఎప్పుడో అయిపోయింది, కొత్తదంటే లక్షల్లో మాట, దాని గురించి ప్రస్తుతానికి మాట్లాడుకోవడం లేదు.

మాటలో ఎస్ ఇప్పటికీ సగం సార్లు జారిపోతుంది, అలసిపోయినప్పుడు మరీ. వెంట్ వచ్చింది, నెల పట్టింది. మిగిలిపోయిన పెద్ద పని 'ఎ', 'ది'. ఎక్కడ ఏది పెట్టాలో నాకే సరిగ్గా తెలీదు, మా ఆయనకీ తెలీదు. దానికి 2025 జూన్ 16కి అపాయింట్‌మెంట్ ఇచ్చారు. ఈసారి గుడ్డ ముక్కలు ఏ రంగువి తేవాలని అడిగితే, ముందు మీరు వచ్చి నేర్చుకోండి అంది మేడమ్.